ప్రాకారమూ, దాని గుమ్మాలూ: ఆశానిగ్రహంపై చర్చ

సమన్వయకర్త: ప్రేక్షకులందరికీ ప్రభువు నామమున వందనములు. తన్ను తాను అదుపులో ఉంచుకోవడాన్ని మనం భక్తి అని మెచ్చుకుంటాం. ఇతరులతో హద్దులు పెట్టుకోవడాన్ని మాత్రం స్వార్థమేమోనని అనుమానిస్తాం. ఈ రెండింటికీ ఉన్న సంబంధాన్ని చర్చించడానికి ఒక సంఘ కాపరి, కొత్త నిబంధన బోధించే అధ్యాపకురాలు, కుటుంబ కౌన్సెలర్‌గా పనిచేస్తున్న సహోదరి మనతో ఉన్నారు. మేడమ్, ముందుగా మీరు చెప్పండి. ఆశానిగ్రహం అంటే కోరికలను చంపుకోవడమేనా?

అధ్యాపకురాలు: కాదండి. అపొస్తలుడైన పౌలు గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో ఆత్మ ఫలాన్ని, అంటే పరిశుద్ధాత్మ మనిషిలో పండించే గుణాలను, వర్ణించే తొమ్మిది మాటల్లో చివరిది ఆశానిగ్రహం. దానికి గ్రీకులో ఉన్న మాట ‘ఎంక్రతేయా’; బలం, అధికారం అనే అర్థమున్న ‘క్రాతోస్’ అందులో ఉంది. అంటే తన మీద తనకు అధికారం ఉండడం. పౌలు కొరింథీయులకు, పోటీల్లో పాల్గొనేవారు అన్ని విషయాల్లో మితంగా ఉంటారని రాసినప్పుడు వాడిన క్రియ కూడా ఈ మాటకు సంబంధించినదే. కొరింథుకు దగ్గరలోనే రెండేళ్లకొకసారి ఇస్త్మియన్ క్రీడలు జరిగేవి కాబట్టి, వాడిపోయే కిరీటం కోసం క్రీడాకారులు ఎంత కఠినంగా సాధన చేస్తారో ఆ పాఠకులకు వేరే వివరించనవసరం లేదు. అయితే ఆ కాలపు గ్రీకు తత్వవేత్తలు ఈ గుణాన్ని మనిషి తన సాధనతో సంపాదించుకునేదిగా చూస్తే, పౌలు దాన్ని ఫలం అన్నాడు. సాధన వద్దని కాదు; వేరు లేకుండా ఫలం రాదని. తీతు పత్రికలో మనకు స్వస్థబుద్ధితో, అంటే అదుపు గల మనసుతో, బ్రతకడం నేర్పేది దేవుని కృపేనని ఉంది. భయంతో నేర్చుకున్న క్రమశిక్షణ భయం పోగానే పోతుంది.

సమన్వయకర్త: పాస్టరుగారూ, మీరు తల ఊపుతున్నారు.

పాస్టరు: అవునండి, సామెతల గ్రంథంలోని ఒక మాట గుర్తొచ్చింది. ‘ప్రాకారము లేక పాడైన పురము ఎంతో తన మనస్సును అణచుకొనలేనివాడును అంతే’ అని 25వ అధ్యాయంలో ఉంది. ఆ రోజుల్లో గోడ కూలిన ఊరికి ఎవరు పడితే వారు, ఏ వేళ పడితే ఆ వేళ వచ్చేవారు. కోపం వచ్చినప్పుడు కోపం, ఆశ పుట్టినప్పుడు ఆశ, ఎవరైనా పొగిడితే ఆ పొగడ్త మన మనసులోకి అలాగే చొరబడతాయి. నెహెమ్యా ప్రజలతో కలిసి 52 రోజుల్లో యెరూషలేము ప్రాకారాన్ని కట్టినప్పుడు గుమ్మాలకు తలుపులు కూడా నిలబెట్టాడు. తలుపు లేని గోడ చెరసాల అవుతుంది. అందుకే నాకొక ఆందోళన ఉంది. ఈ మధ్య హద్దు అనే మాటను క్షమించకపోవడానికీ, వృద్ధులైన తల్లిదండ్రులను చూడకపోవడానికీ సాకుగా వాడడం వింటున్నాను. సిలువ మోయమన్న ప్రభువు వెంట నడిచేవారు తమ సౌకర్యాన్నే హద్దు అని పిలిస్తే నాకు బాధగా ఉంటుంది.

కౌన్సెలర్: మీ బాధ న్యాయమైనదే, అయ్యగారూ. నా దగ్గరికి వచ్చేవారికి నేను మొదట చెప్పేది కూడా ఇదే: హద్దు అంటే ఎదుటివారు ఏం చేయాలో చెప్పడం కాదు, నేను ఏం చేస్తానో చెప్పడం. ‘నువ్వు నా మీద అరవకూడదు’ అనేది ఆజ్ఞ. ‘నువ్వు అరిస్తే నేను ఈ సంభాషణ ఆపి, నీ కోపం తగ్గాక మళ్లీ వచ్చి కూర్చుంటాను’ అనేది హద్దు. రెండోదాన్ని నిలబెట్టుకోవాలంటే, తిరిగి అరవాలన్న నా కోరికను ముందు నేనే పట్టి ఆపాలి. కాబట్టి నిగ్రహం లేని చోట హద్దు నిలవదు; అది ఎదుటివారి మీద పెత్తనంగా మారిపోతుంది.

ఒక సహోదరి గుర్తొస్తున్నారు. ఆమె ఎవరో తెలియకుండా చెబుతాను. తమ్ముడు అప్పులు చేయడం, ఆమె తీర్చడం ఏళ్ల తరబడి సాగింది. కాదంటే ప్రేమ లేనిదాన్నవుతానేమోనని ఆమె భయం. తమ్ముడితో చెప్పవలసిన రెండు వాక్యాలను ఒక చీటీ మీద రాసుకున్నారు: ‘ఈ అప్పు నేను తీర్చను. అప్పిచ్చినవాళ్ల దగ్గరికి నువ్వు వెళ్లే రోజున నీతో కలిసి వస్తాను.’ తర్వాతి వారం ఆమె ఆ చీటీని నాకు చూపించారు. చేతి చెమటకు సిరా అలుక్కుపోయి రెండో వాక్యం సగమే కనబడుతోంది. అయినా రెండు వాక్యాలూ చెప్పేశానన్నారు.

అధ్యాపకురాలు: ఆ రెండు వాక్యాల్లో గలతీ పత్రిక 6వ అధ్యాయం మొత్తం ఉందండి. రెండో వచనం ఒకరి భారాలు ఒకరు భరించమంటుంది, అయిదో వచనం ప్రతివాడూ తన బరువు తానే భరించుకోవాలంటుంది. ఇది వైరుధ్యం కాదు; గ్రీకులో రెండూ వేర్వేరు మాటలు. మొదటిది ‘బారోస్’, మనిషిని కుంగదీసే భారం. రెండోది ‘ఫోర్తియోన్’, ఎవరికి వారు మోయవలసిన మూట. తమ్ముడి మూటను అక్క మోయలేదు, కానీ అతణ్ణి కుంగదీస్తున్న సిగ్గులో పక్కన నిలబడింది.

సమన్వయకర్త: మరి ‘ఒక చెంప మీద కొడితే రెండోది చూపించు’ అన్న మాటను ఎలా అర్థం చేసుకోవాలి? ఇంట్లో దెబ్బలు తింటున్నవారికి కూడా కొందరు ఇదే వినిపిస్తారు.

అధ్యాపకురాలు: ఆ మాట ప్రతీకారాన్ని నిషేధిస్తుంది, సత్యం పలకడాన్ని కాదు. యోహాను 18వ అధ్యాయంలో బంట్రౌతు ఒకడు యేసును కొట్టినప్పుడు ఆయన తిరిగి కొట్టలేదు, మౌనంగానూ ఊరుకోలేదు. తాను తప్పుగా మాట్లాడి ఉంటే అదేదో చూపించమనీ, మంచి మాట అయితే ఎందుకు కొట్టావనీ నిలదీసి అడిగాడు.

కౌన్సెలర్: దెబ్బలు తింటున్నవారు సురక్షితమైన చోటికి వెళ్లడం, చట్టం సహాయం తీసుకోవడం అవిశ్వాసం కాదు. దీన్ని నేను ఎక్కడైనా గట్టిగానే చెబుతాను. క్షమించడం అంటే మళ్లీ అదే గదిలోకి వెళ్లి కూర్చోవడం కాదు.

పాస్టరు: ఆమేన్. ఇందాక ఇతరుల సాకుల గురించి మాట్లాడాను కనుక నా లోపం కూడా చెప్పాలి. చాలాకాలం నేను ఏ వేళ ఫోను మోగినా తీసేవాణ్ణి. దాన్ని సేవ అనుకున్నాను. ఒక సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మా చిన్నమ్మాయి కీర్తన చదువుతోంది, వచనం తప్పిపోకుండా వేలు పెట్టుకుని. ఫోను మోగింది, నేను లేచి బయటికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అందరూ పడుకున్నారు. పాప బైబిలు మీదే తల పెట్టి నిద్రపోయింది, వేలు ఇంకా ఆ వచనం దగ్గరే ఉంది. ఆ పిలుపు అత్యవసరమైనది కాదు. నిజం చెప్పాలంటే, నేను లేకపోతే పని జరగదని అనిపించుకోవాలన్న ఆశే నన్ను లేపింది. నాకు నిగ్రహం కావలసింది అక్కడ.

మార్కు మొదటి అధ్యాయంలో ప్రభువు పెందలకడనే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థిస్తుంటే, అందరూ నిన్ను వెదకుతున్నారని శిష్యుడైన సీమోను వచ్చి చెప్పాడు. ఆయన వెనక్కి రాలేదు, ఇతర ఊళ్లకు వెళదామన్నాడు. ఆ ఊళ్లో ఇంకా రోగులు లేకపోయారా అని నేను ఎన్నిసార్లు ఆలోచించానో.

సమన్వయకర్త: మరి మీరు ఫోను తీయడం మానేశారా? అర్ధరాత్రి ఎవరి ప్రాణమైనా పోతుంటే?

పాస్టరు: ఆ భయం వల్లనే ఏళ్ల తరబడి మారలేదండి. ఉదయం నుండి సాయంత్రం వరకు ఒంటరిగా తీర్పు తీరుస్తున్న మోషేను చూసి మామ యిత్రో, నువ్వు చేస్తున్న పని మంచిది కాదనీ, నువ్వూ నలిగిపోతావు, ఈ ప్రజలూ నలిగిపోతారనీ అన్నాడు. ప్రజలు కూడా నలిగిపోతారన్న మాట నేను అంతకుముందు గమనించలేదు. సంఘ పెద్దల్లో ఇద్దరు వంతులవారీగా రాత్రి ఫోను తీస్తామన్నారు. మరణం, ఆసుపత్రి అయితే వారే వచ్చి మా తలుపు కొడతారు. మొదటి నెలలో ఇద్దరు విశ్వాసులు నా మీద అలిగారు, ఒకరు ఇంకా మాట్లాడడం లేదు. వారిని చూడడానికి ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక నేనే వెళుతున్నాను.