సూది భయం వేరు, ఫ్లూ టీకా మీద అభిప్రాయం వేరు

[తెర మీద: నెల్లూరు పొగతోట, సాయంత్రం. ఆసుపత్రుల బోర్డులు, మందుల షాపులు, వరుసగా ఆపిన బైకులు.]

నమస్తే అండి. సాయంత్రం పూట పొగతోటలో కాసేపు నిలబడితే కావలి నుంచి, ఆత్మకూరు నుంచి, గూడూరు నుంచి వచ్చినవాళ్లు చేతిలో ఫైలు పట్టుకుని ఆసుపత్రులు వెతుక్కుంటూ కనబడతారు. వాళ్లలో ఎవరినైనా ఆపి, ఈ ఏడాది ఫ్లూ టీకా వేయించుకున్నారా అని అడగండి. "జలుబుకి కూడా టీకానా?" అంటారు. "అది వేసుకుంటేనే జ్వరం వస్తుందంట కదా" అంటారు. "మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు" అంటారు. "సూదంటే నాకు భయం" అని ఒప్పుకునేవాళ్లు మాత్రం తక్కువ. మగవాళ్లయితే మరీ తక్కువ.

ఈ వీడియో ఆ చివరి మాట కోసమే. ఫ్లూ టీకా వద్దనుకోవడానికి మీకు నిజంగా ఒక కారణం ఉంటే ఉండనివ్వండి, దాని గురించి మాట్లాడుకుందాం. కానీ అసలు సంగతి సూది భయమైతే, దానికి వేరే కారణాల ముసుగు వేయకండి. భయానికి చేయాల్సిన పనులు వేరు, అభిప్రాయానికి చెప్పాల్సిన సమాధానాలు వేరు. రెండూ కలిసిపోతే దేనికీ పరిష్కారం దొరకదు.

[తెర మీద: మనిషి బొమ్మ. గుండె, మెదడు, కాళ్లలోని రక్తనాళాలు ఎరుపు రంగులో.]

ముందు భయం సంగతి. సూది చూడగానే కొందరికి చెమటలు పడతాయి, కడుపులో తిప్పుతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి, ఉన్నట్టుండి కూలబడిపోతారు. పక్కనున్నవాళ్లు నవ్వుతారు. ఇంత మనిషివి, చీమ కుట్టినంత దానికి పడిపోయావా అంటారు. నవ్వేవాళ్లకు తెలియని విషయం ఒకటుంది. మామూలు భయంలో, అంటే పొలం గట్టు మీద పాము ఎదురైనప్పుడు, గుండె వేగంగా కొట్టుకుంటుంది, బీపీ పెరుగుతుంది, ఒళ్లు పరుగుకు సిద్ధమవుతుంది. ఆ స్థితిలో కళ్లు తిరిగి పడిపోవడం అరుదు. సూది, రక్తం, గాయం చూసినప్పుడు వచ్చే భయం అలా ఉండదు. మొదట గుండె వేగం, బీపీ కాస్త పెరుగుతాయి. ఆ వెంటనే వేగస్ అనే నరం ప్రభావంతో రెండూ ఒక్కసారిగా పడిపోతాయి. కాళ్లలోని రక్తనాళాలు వదులై రక్తం కిందే నిలిచిపోతుంది. కరెంటు వోల్టేజీ తగ్గి మోటారు సరిగ్గా తోయకపోతే మేడ మీది ట్యాంకుకు నీళ్లెక్కవు కదా, అలాగే మెదడుకు చాలినంత రక్తం అందదు. మనిషి పడిపోతాడు. పడుకోబెట్టగానే రక్తం మళ్లీ తలకు చేరుతుంది, చాలామంది నిమిషంలోపే తేరుకుంటారు.

ఇందులో పిరికితనం ఎక్కడా లేదు. ఇది ఒంటి తీరు, చాలాసార్లు కుటుంబాల్లో వస్తుంది. మీకుంటే మీ నాన్నకో అమ్మకో కూడా ఉండే అవకాశం ఎక్కువ. ఒకసారి ఇంట్లో అడిగి చూడండి. ఇన్నేళ్లూ దాచుకున్న విషయం ఒకటి బయటపడొచ్చు.

ఇది ఎంతమందికి ఉంటుంది? ప్రపంచవ్యాప్తంగా వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసి 2019లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. యువతలో 20 నుంచి 30 శాతం మందికి సూదంటే భయం ఉందని అందులో తేలింది. పెద్దవాళ్లలో సుమారు 16 శాతం మంది ఈ భయంతోనే ఫ్లూ టీకాకు దూరంగా ఉన్నారట. మీ భయం మీ ఒక్కరిదే అనుకోవడానికి వీల్లేదని ఈ లెక్కలే చెబుతున్నాయి.

[తెర మీద: ఇంటి వరండా. అన్నం గిన్నె పట్టుకున్న అమ్మ, ముఖం తిప్పుకున్న పిల్లవాడు.]

ఒంటి తీరు సగమైతే, మిగతా సగం మనం నేర్పిందే. "అన్నం తినకపోతే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి సూది వేయిస్తా." ఈ మాట వినకుండా పెరిగినవాళ్లు నెల్లూరులోనూ ఉండరు, ఒంగోలులోనూ ఉండరు. అల్లరి చేస్తే సూది, నిద్రపోకపోతే సూది, అబద్ధం చెబితే సూది. ఈ భయం చాలామందిలో పదేళ్లలోపే మొదలవుతుంది. ఆ వయసులో మనం సూదిని శిక్షగా చూపిస్తున్నాం. ముప్పై ఏళ్లకు అదే పిల్లవాడు టీకా అనగానే నాకేం అవసరమని తప్పుకుంటే ఆశ్చర్యం ఏముంది? తల్లిదండ్రులు ఈ వీడియోలో ఇంకేదీ గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు, ఆ బెదిరింపు మాత్రం ఈ రోజే మానేయండి.

కాస్త పెద్ద వయసువాళ్లకు ఇంకో జ్ఞాపకం ఉంటుంది. గాజు సిరంజి, స్టీలు డబ్బాలో మరుగుతున్న నీళ్లు, ఒకరి తర్వాత ఒకరికి అదే లావుపాటి సూది. అది నిజంగానే నొప్పి పెట్టేది. ఇప్పుడు వాడేది ఒక్కసారి వాడి పారేసే సూది, అంతకంటే చాలా సన్నం. ఫ్లూ టీకాలో మందు పెద్దవాళ్లకు మామూలుగా అర మిల్లీలీటరు. జబ్బ కండరానికి వేస్తారు. సూది లోపలికి వెళ్లి బయటికి రావడానికి రెండు మూడు సెకన్లు చాలు.

[తెర మీద: పల్లెలో ఆర్ఎంపీ గది. బల్ల మీద కూర్చున్న జ్వరం మనిషి.]

మన దగ్గర నన్ను బాగా ఆలోచింపజేసేది ఇది. జ్వరం వస్తే ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లి మనమే అడుగుతాం, "ఒక సూది వేయండి, తొందరగా తగ్గాలి" అని. సూది వేయని డాక్టరు డాక్టరే కాదనేవాళ్లు కూడా ఉన్నారు. గ్లూకోజ్ సీసా ఎక్కించమని బతిమాలతారు. అదే మనిషి, ఒళ్లు బాగున్నప్పుడు టీకా అంటే వద్దంటాడు. ఫ్లూ వైరస్ వల్ల వచ్చేది. జ్వరానికి వేసే ఆ సూది కాసేపు వేడిని తగ్గించగలదేమో గానీ వైరస్‌ను ఏమీ చేయదు. ఫ్లూ ముదిరి న్యుమోనియా దాకా వెళితే రక్తపరీక్షలకు సూది, సెలైన్‌కు సూది, మందు ఎక్కించడానికి చేతి నరంలో రోజుల తరబడి క్యాన్యులా అనే గొట్టం. సూది భయం ఉన్నవాళ్లకే నేను ఈ లెక్క ప్రత్యేకంగా చెబుతున్నాను. తక్కువ సూదులతో బయటపడే దారి కూడా టీకాయే.

[తెర మీద: "టీకా వల్లే ఫ్లూ వస్తుందా?" అన్న ప్రశ్న.]

ఇప్పుడు అభిప్రాయాల సంగతి. సూదితో వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. చంపిన వైరస్ లేదా దాని పైపొరలోని ప్రోటీన్లు మాత్రమే ఉంటాయి. కాబట్టి దానివల్ల ఫ్లూ రాదు. మరి జ్వరం ఎందుకు వచ్చిందంటారా? ఒంట్లోని రోగనిరోధక శక్తి పని మొదలుపెట్టినప్పుడు కొందరికి ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడుతుంది, జబ్బ నొప్పిగా ఉంటుంది. పైగా రక్షణ తయారవడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఈలోపు బయట ఎక్కడో ఫ్లూ అంటుకుంటే నింద టీకా మీద పడుతుంది.

"వేసుకున్నా జలుబు చేసింది" అన్నది ఇంకో ఫిర్యాదు. జలుబు తెప్పించే వైరస్‌లు వందకు పైగా ఉన్నాయి, ఈ టీకా వాటి కోసం తయారుచేసింది కాదు. ఫ్లూ మీద కూడా ఇది నూటికి నూరు పాళ్లు పనిచేయదు. ఆ ఏడాది తిరిగే వైరస్‌కూ టీకాకూ బాగా పొంతన కుదిరినప్పుడు డాక్టరు దాకా వెళ్లాల్సిన ఫ్లూ ముప్పును 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది. ఆ అంకె చూసి పెదవి విరిచేవాళ్లుంటారు. డెబ్బై ఏళ్ల షుగర్ పేషెంటు ఇంట్లో ఉంటే నాకు అది చిన్న అంకెలా కనబడదు.

ఏటా ఎందుకంటే, ఈ వైరస్ ఏటా కొద్దికొద్దిగా రూపు మార్చుకుంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో, టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. 2009లో స్వైన్ ఫ్లూ అని మూతికి గుడ్డ కట్టుకుని తిరిగాం, గుర్తుందా? ఆ హెచ్1ఎన్1 వైరస్ సంతతే ఇప్పుడు ఏటా వచ్చే మామూలు ఫ్లూలలో ఒకటి. ఇప్పటి టీకాలో అది కూడా ఉంటుంది.

అందరూ ఒకేలా పరుగెత్తాలని నేను అనను. పాతికేళ్ల ఆరోగ్యవంతుడికి ఫ్లూ వస్తే సాధారణంగా వారం రోజుల్లో లేచి తిరుగుతాడు, అతను ఆలోచించి వద్దనుకుంటే అది అతని ఇష్టం. కానీ 65 దాటినవాళ్లు, షుగర్, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ల విషయంలో నేను గట్టిగా చెబుతాను. చీమకుర్తి క్వారీల్లో, గ్రానైట్ కటింగ్ ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లకు ఫ్లూ తేలిగ్గా పోయే జ్వరం కాదు. ఇక గర్భిణికి ధనుర్వాతం సూది వేయించడానికి మన ఇళ్లలో ఎవరూ సందేహించరు. ఫ్లూ టీకా అనేసరికి అత్తగారి దగ్గర్నుంచి అందరూ వద్దంటారు. పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు. అప్పటివరకు ఆ బిడ్డకు ఉండే రక్షణలో పెద్ద భాగం తల్లి కడుపులో ఉన్నప్పుడు అందిందే.

[తెర మీద: కృష్ణపట్నం దారి.]

2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేలమంది బారులు తీరిన సంగతి మనందరికీ తెలుసు. ఆ మందు కరోనాను తగ్గిస్తుందని రుజువు కాలేదు. అయినా జనం ఎందుకు వెళ్లారు? తెలిసిన ఊరు, తెలిసిన మనిషి, పక్కింటివాళ్ల మాట. నమ్మకం అలాగే పుడుతుంది, దాన్ని తిట్టి లాభం లేదు. ఫ్లూ టీకా గురించి కూడా తెలిసిన మనిషినే అడగండి. మీ ఊరి ఏఎన్ఎం ఉంది, మీ పిల్లలకు టీకాలు వేసింది ఆమే. మీ అనుమానాలన్నీ ఆమె ముందు పెట్టండి.

[తెర మీద: కుర్చీలో కూర్చున్న మనిషి. పిడికిళ్లు బిగించి, వదులుతూ.]

వేయించుకోవాలని ఉంది, భయమే అడ్డం అనేవాళ్లు ఈ భాగం రెండుసార్లు చూడండి. కళ్లు తిరిగి పడిపోయే అలవాటున్నవాళ్ల కోసం స్వీడన్ మానసిక శాస్త్రవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్, ఆయన సహచరులు 1980లలో ఒక పద్ధతి రూపొందించారు. బీపీ పడిపోవడమే సమస్య కాబట్టి దాన్ని పడిపోనివ్వకుండా చూడటమే ఇందులోని కిటుకు. కూర్చుని చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు బిగించండి. ముఖం వెచ్చబడేదాకా, అంటే 10 నుంచి 15 సెకన్లు. తర్వాత వదిలేయండి, పూర్తిగా వాలిపోకుండా మామూలుగా కూర్చోండి. 20, 30 సెకన్లు ఆగి మళ్లీ బిగించండి. ఇలా ఐదుసార్లు. టీకాకు వారం ముందు నుంచి రోజూ ఇంట్లో చేస్తే ఆ రోజు అలవాటుగా వస్తుంది. సూది వేసే చేయిని మాత్రం వదులుగా ఉంచాలి, బిగిస్తే నొప్పి ఎక్కువ. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టరును అడిగి చేయండి.

పడిపోం గానీ గుండె దడ, వణుకు ఉంటాయి అనేవాళ్లకు ఈ బిగింపు అక్కర్లేదు. నిదానంగా ఊపిరి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. సూది వైపు చూడకండి. ఫోన్లో ఏదైనా చూసుకోండి, వెంట వచ్చినవాళ్లతో మాట్లాడుతూ ఉండండి. నొప్పే మీ భయమైతే చర్మాన్ని మొద్దుబార్చే క్రీము ఉంటుంది. డాక్టరును అడిగి గంట ముందు రాసుకోవచ్చు.

అన్నిటికంటే ముందు చేయాల్సింది నోరు తెరిచి చెప్పడం.

[తెర మీద: టీకా గది. నర్సు, నడివయసు మనిషి.]

"సిస్టర్, నాకు సూదంటే కళ్లు తిరిగిపోతాయమ్మా. పండుకోబెట్టి వేయండి."

"అట్నే అన్నా, ముందే చెప్పి మంచి పని చేశావు. ఈ బల్ల మీద పండుకో."

ఇంతే. రోజూ ఇలాంటివాళ్లను చూసే నర్సుకు ఇది వింత కాదు. చెప్పకుండా నిలబడి వేయించుకుని, మెట్ల మీద పడి తలకు దెబ్బ తగిలించుకోవడమే అసలు ప్రమాదం.

పిల్లలకైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. పడుకోబెట్టి నలుగురు పట్టుకోవద్దు, అమ్మ ఒడిలో నిటారుగా కూర్చోబెట్టండి. పాలు తాగే బిడ్డయితే పాలు పడుతూ వేయించండి. "అస్సలు నొప్పి ఉండదు" అని అబద్ధం చెప్పకండి. ఒకసారి మోసపోయిన పిల్లవాడు రెండోసారి ఆసుపత్రి గేటు దగ్గరే ఏడుపు మొదలుపెడతాడు. "కాస్త చురుక్కుమంటుంది, నేను నీ పక్కనే ఉంటా" అంటే చాలు.

[తెర మీద: ఫ్రిజ్‌లో టీకా డబ్బా, పక్కన థర్మామీటరు.]

ఒక జాగ్రత్త. ఈ టీకా జాతీయ టీకాల పట్టికలో లేదు కాబట్టి డబ్బు పెట్టి వేయించుకోవాలి. ధర ముందే అడగండి. కొందరు నెల్లూరులో కొని, సంచిలో పెట్టుకుని, బస్సులో ఊరికి తీసుకుపోయి అక్కడ వేయించుకుందాం అనుకుంటారు. అది వద్దు. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రోహిణి కార్తె ఎండలో ఆ ప్రయాణం చేస్తే మందు పాడవుతుంది. ఐస్‌లో పెట్టి గడ్డకట్టించినా పనికిరాదు. ఫ్రిజ్‌లోంచి తీసి అక్కడికక్కడే వేసే చోటే వేయించుకోండి. గతంలో ఏదైనా టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవాళ్లు, ఆ రోజు బాగా జ్వరంగా ఉన్నవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి.

వేయించుకున్నాక వెంటనే లేచి వెళ్లకండి, 15 నిమిషాలైనా అక్కడే కూర్చోండి. టిఫిన్ తినకుండా ఖాళీ కడుపుతో రావద్దు, నీళ్లు తాగి రండి. ఇదివరకు ఎప్పుడైనా కళ్లు తిరిగినవాళ్లయితే ఇంకొకరిని వెంటబెట్టుకుని రండి, తిరిగి వెళ్లేటప్పుడు బండి తాళాలు వాళ్ల చేతికివ్వండి.