గొడ్డలి కన్ను తీసే డ్రిఫ్ట్, పంచ్ సెట్ రివ్యూ: తీసుకోవచ్చా?

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఈ సెట్‌ని తయారీదారులు ఉచితంగా పంపించారు. కొలతలు, బరువు మీరు ఎక్కడైనా చూసే ఉంటారు, వాటి జోలికి వెళ్లను. నేరుగా డ్రిఫ్ట్ దగ్గరికి వద్దాం, అంటే ఎర్రగా కాల్చిన గొడ్డలి తలలో పిడి దూరే రంధ్రాన్ని (దాన్నే కన్ను అంటాం) సాగదీసి ఆకారం ఇచ్చే ఉక్కు పనిముట్టు. గొడ్డలి తల పిడి మీద నిలుస్తుందా లేదా అన్నది తేలేది దీనితోనే.

ఈ వాలు చూడండి, దగ్గరగా చూపిస్తా. కొస నుంచి లావు భాగం దాకా ఎక్కడా మెట్టు లేదు. చవక డ్రిఫ్టులు చివర్లో ఒక్కసారిగా లావెక్కుతాయి. వాటితో కొడితే కన్ను అంచు సాగుతుంది, లోపల ఇరుకుగానే ఉండిపోతుంది. దీన్ని పైనుంచి సగం, తిప్పి కింది నుంచి సగం దింపితే కన్ను డమరుకంలా వస్తుంది, నడుమ ఇరుకు, రెండు కొసలా వెడల్పు. పిడిని కింది నుంచి ఎక్కించి, పైన చీల (కొస సన్నగా ఉండే ముక్క) దించగానే కర్ర విచ్చుకుని బిగుస్తుంది. ఇక తల పైకి ఊడదు, కిందికి జారదు. ఆకారం కోలగా ఉంది కాబట్టి పిడి తిరిగిపోదు కూడా. గుండ్రటి డ్రిఫ్ట్ వాడేవాళ్లకు ఆ బాధ బాగా తెలుసు.

ఒకటి గుర్తుంచుకోండి. మూడు నాలుగు దెబ్బలకోసారి డ్రిఫ్ట్ బయటికి తీసేయాలి. వేడెక్కితే లోపలే పట్టేస్తుంది. కన్ను ఒక పక్కకి జరిగి ఒక బుగ్గ (కన్ను పక్క గోడ) పలచబడితే, ఆ పలచటి వైపు కాసిన్ని నీళ్లు చల్లి ఎరుపు తగ్గించి, అప్పుడు కొట్టండి. చల్లబడిన వైపు సాగదు, మందంగా ఉన్న వైపే సాగి సమానమవుతుంది.

పంచ్, అంటే కన్ను కోసం ముందుగా గాటు కోసే పనిముట్టు, మాత్రం చిరాకు తెప్పించింది. మూలలు కత్తిలా ఉన్నాయి. అలాంటి మూలతో కోసిన గాటు కొసల్లోనే పగులు మొదలవుతుంది, డ్రిఫ్ట్ దించేకొద్దీ అది పెరుగుతుంది. గ్రైండర్ మీద మూలలు గుండ్రం చేసుకున్నాకే వాడండి. గాటులో చిటికెడు బొగ్గుపొడి వేస్తే పంచ్ అతుక్కోదు.

గొడ్డలి పదునుని గట్టిపరచడం క్లుప్తంగా: అయస్కాంతం అంటుకోనంత వేడి దాటాక, పదును వైపు రెండు మూడు సెంటీమీటర్లే ముంచాలి. 1045 (మామూలు కార్బన్ స్టీల్) అయితే నీళ్లలో, 5160 (స్ప్రింగ్ స్టీల్) అయితే నూనెలో. కన్ను మెత్తగానే ఉండాలి. పెళుసుదనం తగ్గడానికి వెంటనే ఓవెన్‌లో 200 నుంచి 230 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచాలి.

సెట్‌తో వచ్చిన కాగితంలో, తల వదులైతే రాత్రంతా నీళ్లలో నానబెట్టమని రాశారు. దయచేసి ఆ పని చేయకండి. ఉబ్బిన కర్ర ఇనుముకి ఒత్తుకుని నలిగిపోతుంది, ఆరాక ముందుకన్నా సన్నబడుతుంది. బాగా ఎండిన కర్రే వాడండి. చీల కోసం రంపపు గాటు కన్ను లోతులో మూడింట రెండొంతులు ఉండాలి. పైన బయటికి వచ్చిన కర్రకి అవిసె నూనె పట్టించండి.

డ్రిఫ్ట్ విడిగా దొరికితే కళ్లు మూసుకుని తీసుకోండి. పంచ్ సరిచేసుకోవడానికి గ్రైండర్ లేనివాళ్లు మాత్రం సెట్ కొనొద్దు.