లారీ కెర్ట్ పాడిన రెండు రికార్డులు

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం లారీ కెర్ట్ అనే అమెరికన్ గాయకనటుడి గురించి మాట్లాడతాను. ఆయన 1930 డిసెంబర్ 5న లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. 1991 జూన్ 5న న్యూయార్క్‌లో, మన్‌హట్టన్‌లోని సొంత ఇంట్లో ఎయిడ్స్‌తో పోయారు. ఆయన పేరు ఎత్తగానే జనం రెండు సంగతులు చెబుతారు. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ సినిమాలో వేషం దక్కనివాడు అని ఒకటి, ఎయిడ్స్‌కి బలైన బ్రాడ్వే (న్యూయార్క్ నాటకరంగం) గాయకుడు అని ఇంకొకటి. రెండూ నిజాలే. కానీ వాటితోనే ఆపేస్తే ఆ మనిషి ముప్పై ఏళ్లకు పైగా స్టేజీ మీద పడ్డ కష్టం లెక్కలోకి రాదు. నాకు ముఖ్యం ఆ కష్టం. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

1957 నాటికి కెర్ట్ పేరున్న నటుడు కాదు. గుంపులో పాడేవాడు, ఆడేవాడు, ఆడిషన్లకి తిరిగేవాడు. లెనర్డ్ బెర్న్‌స్టీన్ సంగీతం, స్టీఫెన్ సోండ్‌హైమ్ పాటలు, ఆర్థర్ లారెంట్స్ రచన, జెరోమ్ రాబిన్స్ దర్శకత్వంలో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ అనే కొత్త మ్యూజికల్, అంటే పాటలతో ఆటలతో నడిచే నాటకం, తయారవుతోంది. షేక్‌స్పియర్ రోమియో జూలియెట్ కథని న్యూయార్క్ వీధి ముఠాల మధ్యకి తెచ్చారు. అందులో రోమియో లాంటి కుర్రాడి పేరు టోనీ. ఆ పాత్ర కెర్ట్‌కి దక్కింది. (బ్రాడ్వేలో ఇచ్చే టోనీ అవార్డు వేరు, ఈ టోనీ వేరు. మాటల్లో కలిసిపోతాయని ముందే చెబుతున్నాను.)

రాబిన్స్ దగ్గర పని చేయడమంటే నలిగిపోవడమే. మామూలుగా నాలుగు వారాలుండే రిహార్సల్ ఈ నాటకానికి ఎనిమిది వారాలు పట్టింది. రెండు ముఠాల కుర్రాళ్లు నిజంగానే ఒకరంటే ఒకరికి పడకుండా ఉండాలని, ఒకరితో ఒకరు కలవనిచ్చేవాడు కాదట. ఇంత నడిచాక, వాషింగ్టన్‌లో తొలి ప్రదర్శనకి కొద్ది రోజుల ముందు, టోనీ పాత్ర మెత్తగా ఉందని అందరికీ అనిపించింది. మంచి పిల్లాడే, కానీ ప్రేక్షకుడు అతని వెంట ఎందుకు వెళ్లాలి? అప్పుడు బెర్న్‌స్టీన్, సోండ్‌హైమ్ కూర్చుని ‘సమ్‌థింగ్స్ కమింగ్’ రాశారు. ఏదో రాబోతోంది, ఏమిటో తెలీదు, వచ్చేస్తోంది అన్న ఆత్రమే ఆ పాటంతా. అంత ఆలస్యంగా వచ్చిన పాటని నేర్చుకుని, పాత్ర మొత్తాన్ని దాని మీద నిలబెట్టాల్సిన పని కెర్ట్ మీద పడింది.

ఇక ‘మరియా’ పాట సంగతి. నాటకంలో టోనీ ప్రేమించే అమ్మాయి పేరది. సంగీతం నేర్చుకున్నవాళ్లు ఇక్కడ ఉన్నారు కాబట్టి మన లెక్కలో చెబుతాను. ఆ పేరులోని మూడు అక్షరాలకి మూడు స్వరాలు: షడ్జమం, ప్రతి మధ్యమం, పంచమం. షడ్జమం నుంచి ఒక్క గంతులో ప్రతి మధ్యమానికి వెళ్లడం పాశ్చాత్య గాయకులకి చిక్కైన పని. ఆ స్వరం ఒక అరక్షణం గాల్లో వేలాడి, పంచమం మీద వాలినప్పుడు ప్రాణం కుదుటపడుతుంది. ఇప్పుడే కలిసిన అమ్మాయి పేరుని ఒక కుర్రాడు మళ్లీ మళ్లీ అనుకోవడం ఇంతకన్నా బాగా ఎలా వినిపిస్తుంది? నటులు ఒంటికి మైకులు తగిలించుకునే అలవాటు అప్పటికి రాలేదు. వింటర్ గార్డెన్ లాంటి పెద్ద థియేటర్లో, డాన్సు చేసి, నిచ్చెనలెక్కి, ఆ గంతు ప్రతి రాత్రీ సరిగ్గా వేయాలి.

1957 సెప్టెంబర్ 26న నాటకం మొదలైంది. మూడు రోజులకే, 29న, కొలంబియా రికార్డు కంపెనీ వాళ్లు ఆల్బమ్ రికార్డు చేశారు. మొదటి విడతలో 732 ప్రదర్శనలు నడిచింది. 1960లో మళ్లీ న్యూయార్క్ తెచ్చినప్పుడు కూడా కెర్టే టోనీ. అయితే 1958 టోనీ అవార్డుల్లో ఆయనకి నామినేషన్ కూడా రాలేదు. ఇది నాకు ఈనాటికీ అన్యాయంగానే తోస్తుంది.

తర్వాత సినిమా. 1961లో వచ్చింది, పది ఆస్కార్లు గెలిచింది. కెర్ట్‌కి అప్పటికి ముప్పై ఏళ్లు, తెర మీద కుర్రాడిగా నప్పడని తీసుకోలేదు. రిచర్డ్ బేమర్ నటించారు. ఆయన పాడలేదు, జిమ్మీ బ్రయంట్ అనే గాయకుడు పాడారు. మరియాగా నాటలీ వుడ్ నటిస్తే మార్నీ నిక్సన్ పాడారు. మనకి ఇందులో వింతేమీ లేదు. పద్యనాటకంలో పద్యం పాడలేనివాడికి వేషమే లేదు, సినిమాకి వచ్చేసరికి రామారావుగారికీ నాగేశ్వరరావుగారికీ ఘంటసాల గొంతు ఇచ్చారు, అందరం సంతోషంగా విన్నాం. కానీ కెర్ట్ వైపు నుంచి చూడండి. పాడటం, ఆడటం, నటించడం మూడూ ఒక్క ఒంట్లో ఉన్న మనిషి ఆయన. ఆ మూడింటినీ విడగొట్టి తలా ఒకరికి పంచి, అసలు మనిషిని బయట నిలబెట్టారు.

ఆయన అక్క అనిటా ఎల్లిస్ గురించి చెప్పకుండా ఉండలేను. ఆమె పేరున్న గాయని. 1946లో వచ్చిన ‘గిల్డా’ సినిమాలో రీటా హేవర్త్‌కి పాడింది ఆమే. తెర మీద ముఖం ఒకరిది, గొంతు ఇంకొకరిది అన్న వ్యవహారం ఆ ఇంట్లో ముందే తెలుసు.

అరవైల్లో ఆయనకి దక్కిన నాటకాలు చాలావరకు నిలబడలేదు. ‘బ్రేక్‌ఫస్ట్ ఎట్ టిఫనీస్’ మ్యూజికల్ 1966లో అసలు ప్రారంభమే కాకుండా మూతపడింది. 1969 డిసెంబర్లో ‘లా స్ట్రాడా’ ఒక్క రాత్రి ఆడింది. నెలల తరబడి నేర్చుకున్నది ఒక్క రాత్రితో పోవడమంటే ఏమిటో స్టేజీ మీద పని చేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఆ తర్వాతి ఏడాది ‘కంపెనీ’ వచ్చింది. సోండ్‌హైమ్ రాసినది, హెరాల్డ్ ప్రిన్స్ దర్శకుడు, 1970 ఏప్రిల్ 26న ఆల్విన్ థియేటర్లో మొదలు. కథానాయకుడు బాబీకి ముప్పై అయిదో పుట్టినరోజు. చుట్టూ అయిదు జంటలు, అతను మాత్రం ఒంటరి. బాబీగా డీన్ జోన్స్ చేశారు. ఆయన సొంత కాపురం అప్పుడే విచ్ఛిన్నమవుతోంది. రోజూ పెళ్లిళ్ల గురించి పాడటం ఆయన వల్ల కాలేదు. ప్రారంభం దాకా ఉండు, తర్వాత వదిలేస్తానని ప్రిన్స్ మాట ఇచ్చాడు. నెల తిరిగేసరికి కెర్ట్ ఆ పాత్రలోకి వచ్చారు.

ఒకరు పేరు తెచ్చుకున్న పాత్రలోకి మధ్యలో అడుగుపెట్టడం గురించి ఎవరూ పెద్దగా రాయరు. దర్శకుడు మీ కోసం మళ్లీ ఏమీ తయారు చేయడు. తోటి నటులకి పాత మనిషి అలవాటై ఉంటాడు. ప్రేక్షకుల్లో కొందరు అతని కోసమే టికెట్ కొని ఉంటారు. ఇన్నింటి మధ్య కెర్ట్ పాత్రని తనది చేసుకున్నారు. టోనీ అవార్డు కమిటీ సాధారణంగా మొదటి రోజు ఉన్న నటులనే పరిగణిస్తుంది. ఆయన కోసం ఆ నియమాన్ని పక్కన పెట్టి, 1971లో ఉత్తమ నటుడి నామినేషన్ ఇచ్చింది. అవార్డు హాల్ లిండెన్ అనే నటుడికి వెళ్లింది. కెర్ట్ కోసం ఆ నియమం సడలించడమే నా దృష్టిలో అసలు గుర్తింపు.

1972లో నాటకం లండన్ వెళ్లింది. అక్కడి విడుదల కోసం న్యూయార్క్ ఆల్బమ్‌లోని వాద్యాలూ మిగతా గొంతులూ అలాగే ఉంచి, జోన్స్ పాడినచోట కెర్ట్ చేత పాడించారు. సినిమా ఆయన పాత్రకి వేరొకరి గొంతు పెట్టిన పదేళ్లు దాటాక, వేరొకరి రికార్డులో ఆయన గొంతు చేరింది. అందులోని చివరి పాట ‘బీయింగ్ అలైవ్’. మనుషులు దగ్గరికొస్తే ఎంత ఇబ్బందో ఫిర్యాదుగా మొదలై, అదే ఇబ్బంది నాకూ కావాలని అడుక్కోవడంగా మారే పాట అది.

కెర్ట్ గే. తోటివాళ్ల దగ్గర ఆయన దాచలేదు. ఆయన టోనీగా మొదటిసారి స్టేజీ ఎక్కిన 1957లో ఇద్దరు మగవాళ్ల సంబంధం అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ నేరం. ఆ నాటకం తయారుచేసిన నలుగురూ మగవాళ్లని ప్రేమించినవాళ్లే, అయినా ఆ రోజుల్లో ఆ మాట పేపర్లో వచ్చేది కాదు. ‘కంపెనీ’లో బాబీ ఎందుకు పెళ్లి చేసుకోడు, గేనా అని జనం అడుగుతూనే వచ్చారు. కాదనేవాడు సోండ్‌హైమ్. కాకపోవచ్చు. కానీ ‘నీ పెళ్లెప్పుడు’ అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంటే నవ్వుతూ నిలబడటం కెర్ట్ ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు అని నా ఊహ.

1981 జూన్ 5న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య వారపత్రికలో ఒక చిన్న నివేదిక వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకి అరుదైన న్యుమోనియా. ఎయిడ్స్ గురించి మొదటి అధికారిక సమాచారం అదే. సరిగ్గా పదేళ్లకి, అదే జూన్ 5న, ఆ ఊళ్లో పుట్టిన కెర్ట్ పోయారు. ఆ పదేళ్లలో బ్రాడ్వే ఎంతమందిని పోగొట్టుకుందో! ‘కంపెనీ’కి నృత్యాలు కూర్చిన మైకేల్ బెనెట్ 1987లో, 44 ఏళ్లకి వెళ్లిపోయారు. పనిలోంచి తప్పుకున్నప్పుడు గుండె జబ్బు అని బయటికి చెప్పించారు. ఆయన్ని తప్పుపట్టను. భయం అలాంటిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకప్పుడు దేశంలో హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. ‘టీబీ వచ్చి పోయాడు’ అని చెప్పి ముగించిన చావులు మన ఊళ్లలోనూ ఉన్నాయి.

1991కి వచ్చేసరికి కొంత మారింది. కెర్ట్ మరణవార్తలో ఎయిడ్స్ అని సూటిగా రాశారు. అంతకు మూడు రోజుల ముందు, జూన్ 2న జరిగిన టోనీ అవార్డుల వేడుకలో ఎయిడ్స్ బాధితులకి మద్దతుగా తగిలించుకునే ఎర్ర రిబ్బన్ మొదటిసారి జనానికి కనిపించింది. ప్రాణం నిలబెట్టే మందుల కలయిక 1996లో వచ్చింది. అయిదేళ్లు. ఈ లెక్క వేసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది, ఎవరి మీదో కూడా తెలియదు.

ఇంటికి వెళ్లాక వినండి. ముందు 1957 ఆల్బమ్‌లో ‘సమ్‌థింగ్స్ కమింగ్’, తర్వాత 1972 లండన్ రికార్డులో ‘బీయింగ్ అలైవ్’. రెండోదానికి డీన్ జోన్స్ పాడిన రూపం కూడా దొరుకుతుంది, అదీ గొప్పదే. రెండూ పక్కపక్కన పెట్టి, పాట చివర్లో కెర్ట్ ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో చూడండి. ఇక్కడ పాడేవాళ్లు ఉన్నారు కదా, వచ్చేసారి కలిసినప్పుడు మీకేం వినిపించిందో చెప్పండి.