అచ్చులో నిలిపి ఉంచడం: కవయిత్రులు పెట్టిన ప్రచురణ సంస్థలు

సభకు నమస్కారం.

1942లో అమెరికా ప్రభుత్వం పశ్చిమ తీరంలోని జపాన్ సంతతి ప్రజలను ఇళ్లు ఖాళీ చేయించి నిర్బంధ శిబిరాలకు తరలించింది. అలా ఐడహో రాష్ట్రంలోని మినిడోకా శిబిరానికి చేరినవారిలో సియాటిల్‌లో పెరిగిన ఒక యువతి ఉంది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అక్కడ ఆమె కొన్ని కవితలు రాసుకుంది. తర్వాతి కాలంలో మిత్సుయే యమదాగా మనకు తెలిసిన కవయిత్రి ఆమే. ఆ శిబిరం కవితలు 'క్యాంప్ నోట్స్' అనే పుస్తకంగా వెలువడింది 1976లో. అంటే, కవితకూ పాఠకుడికీ నడుమ మూడు దశాబ్దాలకు పైగా గడిచిపోయాయి.

ఆ పుస్తకం వేసినది పెద్ద సంస్థ కాదు. ఆల్టా అనే ఒక్క పేరుతో రాసిన కాలిఫోర్నియా కవయిత్రి 1969లో ప్రారంభించిన 'షేమ్‌లెస్ హస్సీ ప్రెస్' దానిని ప్రచురించింది. మాట వినని ఆడదాన్ని సిగ్గులేనిదని తిట్టే తిట్టునే ఆల్టా తన సంస్థకు పేరుగా పెట్టుకుంది. ఆ ఏడాదే, ఆ ప్రాంతంలోనే, జూడీ గ్రాన్ అనే మరో కవయిత్రి తోటి స్త్రీలతో కలిసి 'విమెన్స్ ప్రెస్ కలెక్టివ్' మొదలుపెట్టింది. ఇద్దరూ కవయిత్రులే కావడం కాకతాళీయమని నేను అనుకోను.

కవిత్వం పుస్తకం చిన్నది. పెద్ద ప్రచురణకర్త లెక్కలో అది గిట్టుబాటు కాని సరుకు. ఇంట్లో కూర్చుని పుస్తకం చేయాలనుకునే మనిషికి మాత్రం అది సరిగ్గా చేతికి ఒదిగే కొలత. కాగితాన్ని నడిమికి మడిస్తే నాలుగు పేజీలు వస్తాయి. అలాంటి ఎనిమిది కాగితాలను ఒకదానిలో ఒకటి అమర్చి, మడత మీద రెండు పిన్నులు కొడితే ముప్పైరెండు పేజీల కవితా సంపుటి తయారవుతుంది. ఆ రోజుల్లో చిన్న ప్రచురణలకు ఆధారమైన, స్టెన్సిల్‌లోంచి సిరా దింపి నకళ్లు తీసే సైక్లోస్టైల్ యంత్రం సంగతి మనలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. టైపు మిషన్ రిబ్బన్ పక్కకు తప్పించి మైనపు స్టెన్సిల్ మీద కొడితే అక్షరం పడిన మేరకు మైనం తెగుతుంది. తప్పు పడితే ఆ చోట ద్రవం పూసి, ఆరేదాకా ఆగి, మళ్లీ కొట్టాలి. కవితలో పాదం ఎక్కడ విరగాలో, ఎంత ఖాళీ వదలాలో తెలిసిన మనిషే ఆ మిషన్ ముందు కూర్చుంటే, పాదాలు కలిసిపోయి వచనమైపోయే ప్రమాదం ఉండదు. కవితను ప్రచురణకు సిద్ధం చేయడమంటే ఆ ఖాళీలను కూడా కాపాడడమని కవులకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

అయితే నేను ఈ రోజు ఎక్కువగా చెప్పదలచుకున్నది ఆడ్రీ లార్డ్ గురించి. న్యూయార్క్‌లో 1934లో పుట్టి, లైబ్రేరియన్‌గా కొన్నేళ్లు పనిచేసిన ఈ నల్లజాతి కవయిత్రి మొదటి సంపుటి 1968లో వచ్చింది. దానిని వేసిన 'పోయెట్స్ ప్రెస్' కూడా ఒక కవయిత్రిదే. బడి రోజుల నుంచీ లార్డ్‌కు స్నేహితురాలైన డయాన్ డి ప్రీమాది. 1973లో వచ్చిన సంపుటిని డెట్రాయిట్‌లోని 'బ్రాడ్‌సైడ్ ప్రెస్' వేసింది. దాని స్థాపకుడు డడ్లీ రాండల్ కూడా కవి, పైగా లైబ్రేరియన్. 1976 నాటికి నార్టన్ వంటి పెద్ద సంస్థ ఆమె కవితలను ప్రచురించింది. కాబట్టి 1980లో ఆమె, నల్లజాతి స్త్రీవాద రచయిత్రి బార్బరా స్మిత్, మరికొందరు కలిసి 'కిచెన్ టేబుల్: విమెన్ ఆఫ్ కలర్ ప్రెస్', అంటే తెల్లజాతికి చెందని స్త్రీల ప్రచురణ సంస్థ, పెట్టినప్పుడు, తన పుస్తకం వేసే దిక్కు లేక పెట్టింది కాదు. తనకు తెరుచుకున్న తలుపు మిగతావారికి తెరుచుకోలేదని తెలిసి పెట్టింది. స్వీయ ప్రచురణ గౌరవప్రదమైన పనే. కానీ ఇది దానికంటే భిన్నమైన పని, దీనిని దానితో కలిపి చూడకూడదు.

సంస్థ పేరులో వంటింటి బల్ల ఊరికే రాలేదు. స్త్రీలు పనిచేసుకునేదీ, ఒకరితో ఒకరు మాట్లాడుకునేదీ అక్కడే. పెట్టుబడిదారులు లేకుండా అట్టడుగు నుంచి లేచిన సంస్థ అనే సూచన కూడా అందులో ఉంది.

ఈ సంస్థ చేసిన మేలు ఒక పుస్తకం కథలో బాగా కనిపిస్తుంది. చెర్రీ మొరాగా, గ్లోరియా అన్జల్దువా అనే ఇద్దరు కవయిత్రులు కూర్చిన, తెల్లజాతికి చెందని స్త్రీల రచనలున్న 'దిస్ బ్రిడ్జ్ కాల్డ్ మై బ్యాక్' సంకలనాన్ని 1981లో మసాచుసెట్స్‌లోని పెర్సెఫనీ ప్రెస్ ప్రచురించింది. రెండేళ్లకే ఆ సంస్థ మూతపడింది. ప్రచురణ సంస్థ మూతపడితే పుస్తకం ఒక్కరోజులో చావదు. మిగిలిన ప్రతులు అమ్ముడయ్యేదాకా కొన ఊపిరితో ఉంటుంది, ఆ తర్వాత అడిగినవారికి దొరకదు, మరికొన్నాళ్లకు అడిగేవారే ఉండరు. 1983లో కిచెన్ టేబుల్ ఆ సంకలనం రెండో ముద్రణ తీసుకువచ్చి దానిని ఆ గతి నుంచి తప్పించింది. అదే ఏడాది 'హోమ్ గర్ల్స్' అనే నల్లజాతి స్త్రీవాద సంకలనాన్నీ వెలువరించింది. మనం మొదట తలచుకున్న యమదా రెండో పుస్తకాన్ని 1988లో వేసింది కూడా ఈ సంస్థే.

అచ్చు వేయడాన్ని మనం వేడుకగా చూస్తాం, ఆవిష్కరణ సభ పెడతాం. రెండో ముద్రణకు సభ ఉండదు. కానీ స్త్రీల సాహిత్యం విషయంలో అసలు నష్టం జరిగేది అక్కడే. రాయనందువల్ల కంటే, అచ్చుకాకపోవడంవల్ల కంటే, ఒకసారి అచ్చయి మళ్లీ అచ్చు కానందువల్ల పోయిన పుస్తకాలు నన్ను ఎక్కువగా బాధిస్తాయి. ప్రతి తరం తనకు ముందు ఎవరూ రాయలేదనుకుని మొదటి నుంచి మొదలుపెట్టవలసి వస్తుంది.

ఈ సంస్థల బలహీనతనూ దాచకుండా చెప్పుకోవాలి. అవి స్థాపకుల ఒంటి సత్తువ మీద నడుస్తాయి. లార్డ్ 1992లో కన్నుమూశారు. బార్బరా స్మిత్ మరికొన్నేళ్లు భారం మోశారు, ఆపైన సంస్థ ఆగిపోయింది. 'దిస్ బ్రిడ్జ్' మళ్లీ దొరకకుండా పోయి, 2002లో మరో చిన్న సంస్థ ద్వారా, 2015లో ఒక విశ్వవిద్యాలయ ముద్రణాలయం ద్వారా తిరిగి వచ్చింది. 'హోమ్ గర్ల్స్' కూడా 2000లో విశ్వవిద్యాలయ ప్రచురణగానే బతికింది.

అందువల్ల ఇప్పుడు ఇలాంటి సంస్థ పెట్టదలచిన కవయిత్రులకు నేను ఒకే ఒక్క విన్నపం చేస్తాను. రచయిత్రితో ఒప్పందం రాసుకునేటప్పుడే, సంస్థ మూతపడినా, పుస్తకం నిర్ణీత కాలం పాటు అందుబాటులో లేకపోయినా హక్కులన్నీ రచయిత్రికే తిరిగి చెందుతాయని స్పష్టంగా రాయండి. అచ్చుకు పంపిన చివరి ఫైలు ప్రతిని ఆమెకు కూడా ఇవ్వండి. గ్రంథాలయాలకు పంపవలసిన ప్రతులను అమ్మకాల లెక్కలో కలపకుండా మొదటి కట్టలోంచే తీసి పక్కన పెట్టండి.