విత్‌స్టాండ్: ఆ 'విత్' ఎవరి పక్షం?

మొన్న మా మేనకోడలు ఇంగ్లిష్ పాఠం చదువుతూ టక్కున ఆగిపోయింది. "మామయ్యా, విత్ అంటే 'తో' కదా, స్టాండ్ అంటే నిలబడటం. మరి విత్‌స్టాండ్ అంటే కలిసి నిలబడటం కావాలిగా? ఇక్కడేమో తట్టుకోవడం అని ఉంది!" అంది. ఎంత మంచి ప్రశ్నో చూడండి. చిన్నప్పుడు నాకు ఎందుకు తట్టలేదో!

దీనికి జవాబు వెయ్యేళ్ల నాటి పాత ఇంగ్లిష్‌లో ఉంది. అప్పట్లో 'విత్' అంటే ముఖ్యంగా 'ఎదురుగా', 'వ్యతిరేకంగా'. 'కలిసి' అని చెప్పాలంటే 'మిడ్' అనే వేరే మాట ఉండేది. జర్మన్‌లో ఇప్పటికీ వాడే 'మిట్' దాని చుట్టమే. రానురాను విత్ ఆ మిడ్ పని కూడా తనే చేసేసింది. మిడ్ మాత్రం మిడ్‌వైఫ్ అనే మాటలో మిగిలిపోయింది: కాన్పు వేళ తల్లితో ఉండే ఆడమనిషి అని. అంటే విత్‌స్టాండ్ అచ్చంగా మన 'ఎదురు నిలవడమే'.

ఇందులో నాకు బాగా నచ్చే సంగతి ఒకటుంది. మన 'తో' కూడా అంతే కదా! "వాడితో సినిమాకెళ్లాను" అంటాం, "వాడితో గొడవపడ్డాను" అనీ అంటాం. మొదటిదాంట్లో వాడు పక్కన, రెండోదాంట్లో ఎదురుగా. ఇంగ్లిష్ వాళ్ల 'ఫైట్ విత్'లోనూ ఆ పాత అర్థమే.

ఇక స్టాండ్. మన స్థానం, స్థిరం అనే మాటల్లోని సంస్కృత ధాతువు 'స్థా', ఈ స్టాండ్, రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. ఎదిరించడం అనే అర్థంతో లాటిన్ దారిలో వచ్చిన రెసిస్ట్‌లోని 'సిస్ట్' కూడా అదే.

మరి రెసిస్ట్‌కీ విత్‌స్టాండ్‌కీ తేడా? రెసిస్ట్ చేసి ఓడిపోవచ్చు. విత్‌స్టాండ్ చేశాడంటే మాత్రం నిలిచాడన్నట్టే. పలచటి గాజు గ్లాసులో మరిగే టీ పోయండి. టిక్‌మని అడుగున సన్నటి గీత పడిందా, అది వేడిని విత్‌స్టాండ్ చేయలేదు. స్టీలు గ్లాసు చేస్తుంది, చెయ్యి కాలినా సరే.

కోర్టు కాగితాల్లో కనిపించే 'నాట్‌విత్‌స్టాండింగ్' ఈ కుటుంబానిదే. మన రాజ్యాంగం 368వ అధికరణ ఆ మాటతోనే మొదలవుతుంది: ఈ రాజ్యాంగంలో ఏమున్నా సరే, అది దీనికి అడ్డు నిలవదు అని.

అన్నట్టు, పరీక్ష రాసే పిల్లలూ, భూతకాలంలో విత్‌స్టుడ్ అని రాయండి, విత్‌స్టాండెడ్ కాదు. మా మేనకోడలు ఆ తప్పే రాసి, కొట్టేసి దిద్దుకుంది.