పది సెకన్ల తప్పు

అధ్యక్షులవారికి, పెద్దలకు, అమలాపురం నుంచీ యానాం నుంచీ బస్సులు మారి వచ్చిన విద్యార్థులకు నమస్కారం. పేరుపేరునా చెప్పడం మొదలుపెడితే నా సమయం అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

ఆహ్వానపత్రంలో 'గోదావరి డెల్టా సర్వేల చరిత్ర' అని వేశారు. అంతా చెప్పను. 1802లో సర్వే అధికారి లాంబ్టన్, త్రిభుజాలు కట్టి దూరాలు లెక్కవేసే సర్వేకి మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ కింద ఆధారరేఖ కొలవడం, కాటన్ దొర 1852కి ధవళేశ్వరం ఆనకట్ట ముగించడం మీకు తెలిసినవే. నా గొడవ వేరు.

ఈమధ్య ఏ ప్రదర్శనలో చూసినా ఒక బొమ్మ ఉంటోందండి. కింద ఉపగ్రహ చిత్రం, దాని మీద పందొమ్మిదో శతాబ్దపు సర్వే పటంలోని తీరం ఎర్రగీతగా. గీతకీ గట్టుకీ మధ్య నాలుగు కిలోమీటర్ల నీళ్లు. 'కోరంగి వైపు సముద్రం ఇంత మింగేసింది' అని కింద రాత. సముద్రం మింగిందెంత, పటం మింగిందెంత? ఆ లెక్క ఎవరూ అడగరు.

అక్షాంశం తేలిక. నక్షత్రం ఎత్తు కొలిస్తే వచ్చేస్తుంది. రేఖాంశానికి గడియారం కావాలి. గ్రీనిచ్‌లో ఇప్పుడెంతయింది, ఇక్కడెంతయింది? ఆ తేడాయే రేఖాంశం. గంటకు 15 డిగ్రీలు. తంతి లేని రోజుల్లో గ్రీనిచ్ కాలం తెలియడానికి ఒక దారి గురుగ్రహం ఉపగ్రహాలు. మొదటి ఉపగ్రహం సుమారు నలభై రెండున్నర గంటలకోసారి గురుడి నీడలోకి పోతుంది. గ్రీనిచ్ కాలంలో అది ఎప్పుడో పట్టికల్లో ముందే రాసి ఉంటుంది. అయితే దీపం ఆర్పినట్టు పోదు, మెల్లగా మసకబారుతుంది. చిన్న దూరదర్శినికి ముందే కనబడడం మానేస్తుంది, పెద్దదానికి ఇంకాసేపు కనబడుతుంది. తప్పు అక్కడ దూరుతుంది. సెకను తప్పితే మన అక్షాంశం దగ్గర నేల మీద సుమారు 440 మీటర్లు. పది సెకన్లు తప్పితే? మీరే గుణించుకోండి.

సరిగ్గా అదే జరిగింది. మైకేల్ టాపింగ్ చేతుల మీదుగా 1792లో కట్టడం లేచిన మద్రాసు అబ్జర్వేటరీయే దేశంలోని సర్వే పటాల రేఖాంశాలకు మూలం. ఆ పటాల్లో దానికి పెట్టుకున్న విలువ 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లు. తరవాత తంతి సంకేతాలతో సరిచూస్తే అది దాదాపు రెండున్నర నిమిషాలు (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు) ఎక్కువని తేలింది. కాలంలో పది సెకన్లు.

కొలిచినవాళ్లను తిట్టకండి. త్రిభుజాలు సరిగ్గానే ఉన్నాయి. ద్రాక్షారామానికీ కాకినాడకీ మధ్య దూరం పాత షీటులోనూ సరిపోతుంది. షీటు మొత్తం తూర్పుకి జరిగింది, అంతే. అచ్చయిన అక్షాంశ రేఖాంశాల గళ్లను నమ్మి కంప్యూటర్లో పరిస్తే పాత తీరం సముద్రంలో పడుతుంది. కాకినాడ, కోరంగి తీరం తూర్పుకు చూస్తుంది కాబట్టి తప్పంతా కోతలా కనబడుతుంది. అంతర్వేది వైపు తీరం ఎక్కువగా దక్షిణానికి చూస్తుంది. అక్కడ గీత తీరం వెంబడే జారిపోతుంది, తేడా పెద్దగా కనబడదు. దాంతో 'ఇక్కడ కోత, అక్కడ లేదు' అని ఒక సిద్ధాంతం కూడా పుట్టేస్తుంది! నవ్వుతున్నారుగానీ, ఆ సిద్ధాంతాన్ని నమ్మి రాళ్లు పోసేవాళ్లుంటారు.

ఏం చెయ్యాలి? షీటు అంచు చదవండి. మద్రాసుకు ఏ విలువ తీసుకున్నారో, ఎంత తగ్గించాలో చాలా షీట్లలో అచ్చువేసే ఉంటుంది. స్కాన్ చేసేటప్పుడు అంచు కత్తిరించేస్తారు, అదీ మన ఖర్మ. తరవాత గళ్లను వదిలేసి కదలనివాటితో పటం కట్టండి: ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు గుళ్లు. కనీసం ఆరు చోట్లు, అన్నీ ఒకే మూల కాకుండా. లంకల్లో ఊళ్లు వద్దు, ఏటి మొగలు అసలే వద్దు, అవి కదులుతాయి. ఆనకట్ట పనికొచ్చేది 1852 తరవాతి పటాలకే.

అప్పుడు కూడా గీసింది పోటు గీతా, పాటు గీతా చూడాలి. కాకినాడలో పెద్ద పోటుకీ పాటుకీ తేడా సుమారు మీటరున్నర. రెండువందల అడుగులకు అడుగు వాలే తీరంలో అదే మూడువందల మీటర్లు.

మార్పే లేదనడం లేదండి. హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ ఉత్తరానికి పెరిగింది నిజం, కోరంగి రేవు పూడింది నిజం, ఉప్పాడ కోత నిజం. ఆ నిజాలకు ఈ నాలుగు కిలోమీటర్లను కలపొద్దంటున్నాను.

ఈ హాలు బయట గోడకి కూడా అలాంటి పటం ఒకటి తగిలించారు. భోజనాలయ్యాక స్కేలు తీసుకు రండి. అందులో ద్రాక్షారామం గుడి ఎక్కడ పడిందో కొలుద్దాం. అదీ నాలుగు కిలోమీటర్లు తూర్పుకి వెళ్లి ఉంటే, భీమేశ్వరుడు నడిచి వెళ్లాడని మాత్రం రాయలేం కదా.