పదకొండో ఆర్డర్ కోసం వెతికేవాళ్ళకి

(ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్. మాట్లాడేది అక్క, తమ్ముడు.)

అక్క: ముందే చెప్పేస్తున్నా. బ్రాండన్ శాండర్సన్ రాసిన ఫాంటసీ నవలల వరస స్టార్మ్‌లైట్ ఆర్కైవ్‌లో నాలుగో పుస్తకం, అంటే 2020లో వచ్చిన రిథమ్ ఆఫ్ వార్ దాకా గుట్టంతా విప్పేస్తాం. 2024 డిసెంబర్‌లో వచ్చిన ఐదోదాని జోలికి వెళ్ళం. చదవనివాళ్ళు ఇక్కడే ఆపి, చదివాక రండి.

తమ్ముడు: అయినా వింటారక్కా కొందరు. వాళ్ళ ఇష్టం. ఈసారి రహస్య ఆర్డర్ల థియరీలు. ఆర్డర్ అంటే రేడియంట్లనే యోధుల్లో ఒక శాఖ. పది ఆర్డర్లు కాదు పదకొండున్నాయని ఒకళ్ళు, ఫలానావాడు ఎవరికీ తెలియని ఆర్డర్‌వాడని ఇంకొకళ్ళు. వీటిని ఎలా వడకట్టాలి?

అక్క: ముందు చక్రం అర్థం కావాలిరా. పదిమంది పిల్లలు చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డారనుకో. పిల్లలు ఆర్డర్లు. ఇద్దరి చేతులు కలిసిన చోటు ఒక సర్జ్, అంటే ఒక శక్తి. పదిమంది పిల్లలు, పది కలయికలు. ఒక్కొక్కరికీ రెండు చేతులు కాబట్టి రెండేసి సర్జ్‌లు. పక్కవాడితో ఒకటి ఉమ్మడి, అవతలి పక్కవాడితో ఇంకొకటి ఉమ్మడి, మిగతా ఏడుగురితో ఏమీ లేదు.

తమ్ముడు: విండ్‌రన్నర్‌కి అడ్హీషన్, గ్రావిటేషన్. పక్కనున్న స్కైబ్రేకర్‌కి గ్రావిటేషన్, డివిజన్. ఆ తర్వాత డస్ట్‌బ్రింగర్‌కి డివిజన్, అబ్రేషన్. అలా తిరిగి తిరిగి బాండ్‌స్మిత్ దగ్గరికొచ్చేసరికి టెన్షన్, మళ్ళీ అడ్హీషన్. చక్రం మూసుకుపోయింది.

అక్క: పదకొండోవాడు దూరాలంటే ఎవరిదో చెయ్యి విడిపించాలి. దీన్ని దాటడానికి కొందరు ఓ లెక్క తెస్తారు. పది సర్జ్‌లని రెండేసి చొప్పున జత కడితే 45 జతలొస్తాయి. చక్రంలో పక్కపక్కనున్నవి 10. మిగిలిన 35 జతల్లో రహస్య ఆర్డర్లు దాక్కున్నాయంటారు.

తమ్ముడు: లెక్క మాత్రం తప్పు కాదు కదా?

అక్క: కాదు. కానీ జత ఉన్నంత మాత్రాన ఆర్డర్ పుట్టదు. ప్రతి ఆర్డర్‌కీ వెనక ఒక జాతి స్ప్రెన్ ఉండాలి. స్ప్రెన్ అంటే మనిషితో బంధం కట్టి శక్తినిచ్చే, ఆత్మలాంటి జీవి. విండ్‌రన్నర్‌కి ఆనర్‌స్ప్రెన్, లైట్‌వీవర్‌కి క్రిప్టిక్, స్టోన్‌వార్డ్‌కి పీక్‌స్ప్రెన్. బాండ్‌స్మిత్‌లకైతే జాతి కూడా లేదు. స్టార్మ్‌ఫాదర్, నైట్‌వాచర్, సిబ్లింగ్, అంతే ముగ్గురు. అందుకే బాండ్‌స్మిత్‌లు ఒకేసారి ముగ్గురికి మించి ఉండరు. నాలుగో బాండ్‌స్మిత్‌ని కనిపెట్టాం అనేవాళ్ళని నాలుగో స్ప్రెన్ పేరు అడగండి. చాలా థియరీలు అక్కడే చతికిలపడతాయి.

తమ్ముడు: అంటే మూడు ఆనవాళ్ళు కావాలంటావు.

అక్క: ఏ సర్జ్ వాడాడు, ఏ స్ప్రెన్ కనిపించింది, ఏ ప్రమాణం చెప్పాడు. మూడూ దొరికితే ఖాయం. రెండు దొరికితే గట్టి అనుమానం. ఒక్కటే దొరికితే అది కాలక్షేపం.

తమ్ముడు: ప్రమాణం దగ్గర ఒక మెలిక ఉంది. రేడియంట్లు చెప్పే ప్రమాణాల ఐదు మెట్లలో మొదటిది పది ఆర్డర్లకీ ఒకటే. కాబట్టి ఒక పాత్ర మొదటి ప్రమాణం చెప్పినంత మాత్రాన ఏ ఆర్డరో తేలదు. రెండోది వినాలి. లైట్‌వీవర్లకైతే ఆ తర్వాత ప్రమాణాలే ఉండవు, తమ గురించి తాము దాచుకున్న నిజాలు ఒప్పుకోవాలి. ఎవరైనా పాత్ర ఏడుస్తూ ఓ నిజం చెబితే చాలు, లైట్‌వీవర్ అని ముద్ర వేసేస్తున్నారు. ఏడ్చినవాళ్ళందరూ లైట్‌వీవర్లయితే ఈ సిరీస్‌లో మిగతా తొమ్మిది ఆర్డర్లూ ఖాళీ.

అక్క: (నవ్వు) హంతకుడు సెత్ సంగతి చెప్పు. సర్జ్ ఆనవాలు నిండుగా ఉండి కూడా అంతా తలకిందులైన కేసు అదే.

తమ్ముడు: 2010లో మొదటి పుస్తకం ద వే ఆఫ్ కింగ్స్ వచ్చింది. ప్రోలాగ్‌లోనే సెత్ గోడలమీద నడుస్తాడు. మూడు రకాల లాషింగ్‌లు, అంటే సర్జ్‌ల ప్రయోగాలు, చేస్తాడు. బేసిక్ లాషింగ్ గ్రావిటేషన్, ఫుల్ లాషింగ్ అడ్హీషన్, రివర్స్ లాషింగ్ రెండూ కలిపి. రెండు సర్జ్‌లూ చక్రంలో పక్కపక్కనే ఉన్నాయి. తెరిచి చూస్తే విండ్‌రన్నర్ అని రాసిపెట్టినట్టే ఉంది.

అక్క: కాదు.

తమ్ముడు: కాదు. ఆ శక్తి మనిషిది కాదు, కత్తిది. అది హెరాల్డ్‌లనే పదిమంది ప్రాచీన అమరుల్లో ఒకడైన జెజ్రియన్ కత్తి, ఆనర్‌బ్లేడ్. పట్టుకున్నవాడికి ప్రమాణం లేకుండానే సర్జ్‌లు ఇస్తుంది. ఈ సంగతి రెండో పుస్తకం, 2014 నాటి వర్డ్స్ ఆఫ్ రేడియన్స్‌లో బయటపడింది. కానీ మొదటి పుస్తకంలోనే మిగతా రెండు ఆనవాళ్ళ గడులూ ఖాళీగా ఉన్నాయి, గమనించావా? అతని చుట్టూ తిరిగే స్ప్రెన్ లేదు. అతను చెప్పిన రేడియంట్ ప్రమాణం లేదు. పైగా కత్తి రావడానికి పది గుండె చప్పుళ్ళు పడుతుంది. బతికున్న స్ప్రెన్ కత్తిగా మారేటప్పుడు ఆ ఆలస్యం ఉండదు, పిలిస్తే చేతిలో ఉంటుంది.

అక్క: కాబట్టి థియరీ రాసేటప్పుడు దొరికినదాన్నే కాదు, దొరకాల్సి ఉండీ దొరకనిదాన్ని కూడా రాసుకోవాలి. దీనికి తిరగేసిన కేసు పండితురాలు జాస్నాది. ఆమె చేతికి సోల్‌కాస్టర్ పరికరం ఉంది. కాబట్టి వస్తువుల్ని మార్చేది పరికరమే అనుకున్నాం. తీరా అది ఉత్తుత్తి నగ. చేసేది ఆమే. సెత్ దగ్గర మనిషి శక్తి అనుకుంటే వస్తువు శక్తి అయింది, జాస్నా దగ్గర వస్తువు అనుకుంటే మనిషి.

తమ్ముడు: ఆమె శిష్యురాలు షల్లాన్ కూడా పరికరం లేకుండా గాజుపాత్రని నెత్తురుగా మార్చేసింది కదా. గురువుకీ శిష్యురాలికీ ఇద్దరికీ ట్రాన్స్‌ఫర్మేషన్. అప్పట్లో ఇద్దరిదీ ఒకే ఆర్డర్ అని చాలామంది అనుకున్నారు.

అక్క: ఒక సర్జ్ కనిపిస్తే ఎప్పుడూ ఇద్దరు అభ్యర్థులు. ట్రాన్స్‌ఫర్మేషన్ అంటే లైట్‌వీవర్ కావచ్చు, ఎల్స్‌కాలర్ కావచ్చు. షల్లాన్ బొమ్మల్లోకి వచ్చి కూచున్న, తలకి బదులు గీతల ముగ్గు ఉన్న ఆకారాలే తేల్చాయి. అవి క్రిప్టిక్‌లు. జాస్నా స్ప్రెన్ ఐవరీ ఇంక్‌స్ప్రెన్. ఆమె ఎల్స్‌కాలర్. సర్జ్ ఇద్దరి దగ్గరికి తీసుకెళ్ళి వదిలేస్తుంది, వేలు పెట్టి చూపించేది స్ప్రెన్.

తమ్ముడు: ఇప్పుడు నిజంగా దాక్కున్న ఆర్డర్ గురించి. స్కైబ్రేకర్లు.

అక్క: వాళ్ళు ప్రమాణం తప్పకుండా రహస్యంగా నిలిచారన్న థియరీ నెగ్గింది. ఎందుకు నెగ్గిందో చూడాలి. మొదటి పుస్తకంలో సేనాపతి డాలినార్‌కి పాతకాలం చూపించే ఒక దర్శనం. రేడియంట్లు వరసగా వచ్చి కత్తులు నేలలో గుచ్చి, కవచాలు విప్పేసి వెళ్ళిపోతారు. చదివినవాళ్ళు ఏమనుకున్నారు? పది ఆర్డర్లూ ప్రమాణం తప్పాయని. కానీ ఆ దర్శనంలో నువ్వు కళ్ళారా చూసినవి ఎన్ని?

తమ్ముడు: రెండు. విండ్‌రన్నర్లు, స్టోన్‌వార్డులు.

అక్క: పదింట్లో రెండు చూసి మిగతా ఎనిమిదీ లెక్కలో కలిపేశాం. ఆ ఎనిమిదిలో ఒకటి నిలబడింది. వర్డ్స్ ఆఫ్ రేడియన్స్ చివర హెరాల్డ్ నేల్ సెత్‌ని బతికించి, తన ఆర్డర్ గురించి చెబుతాడు. 2017లో ఓత్‌బ్రింగర్‌కి వచ్చేసరికి సెత్ వాళ్ళ దగ్గర శిక్షణలో ఉంటాడు.

తమ్ముడు: దీన్ని ముందుగా పట్టినవాళ్ళు ఒక చిన్న పని చేశారు. ఈబుక్‌లో వెతికేటప్పుడు ఒక్క పేరుతో ఆగలేదు. నేల్ అని ఒకచోట, నాలన్ అని ఇంకోచోట, నిన్ అని మరోచోట ఉంటుంది. లిఫ్ట్ అనే పిల్ల అయితే డార్క్‌నెస్ అంటుంది. ఒక్క పేరుతో వెతికితే సగం ఆధారాలు జారిపోతాయి. హెరాల్డ్‌లు పదిమందికీ ఇదే గొడవ. ముందు పేర్ల జాబితా రాసుకుని అప్పుడు వెతకాలి.

అక్క: అధ్యాయాల మొదట్లో ఉన్న తోరణం కూడా చూడాలి. ఆ తోరణంలో నలుగురు హెరాల్డ్‌ల ముఖాలకి చోటుంటుంది. ఒక్కోసారి ఒకే ముఖం రెండుసార్లు వస్తుంది. ఆ అధ్యాయంలో జరిగేదానికీ ఆ హెరాల్డ్ గుణానికీ లంకె ఉంటుంది. ఆస్థాన విదూషకుడు విట్ వచ్చే అధ్యాయంలో హెరాల్డ్ బదులు విదూషకుడి ముసుగు కనిపిస్తుంది. ఆడియోబుక్ మాత్రమే వినేవాళ్ళకి ఇదంతా అందదు.

తమ్ముడు: ఐతే తోరణం మీదే థియరీ కట్టకూడదు. ట్రూత్‌వాచర్ల హెరాల్డ్ పాలియా ముఖం ఉంటే ట్రూత్‌వాచర్ ఉన్నట్టు కాదు. జ్ఞానం, దానం ఆమె గుణాలు. ఆ అధ్యాయంలో ఎవరో పుస్తకం చదువుతున్నా ఆమె ముఖం వేయొచ్చు.

అక్క: అవును, అది తోడు సాక్ష్యమే. ఇక డాలినార్ చిన్న కొడుకు రెనారిన్. నా లెక్కలో ఈ మొత్తం సిరీస్‌లో థియరీలు రాసేవాళ్ళకి ఇంతకన్నా మంచి పాఠం లేదు. ఆధారాలు చెప్పు.

తమ్ముడు: గోడమీద గీసిన రోజుల లెక్క, 62 రోజులు, ఆ తర్వాత చావు అని. అది రాసింది డాలినారేనని అందరూ అనుమానించారు. రెండు, షార్డ్‌బ్లేడ్, అంటే చచ్చిన స్ప్రెన్ కత్తి, పట్టుకుంటే రెనారిన్‌కి అరుపులు వినిపిస్తాయి. మూడు, చూపు బాగుపడ్డాక కూడా కళ్ళజోడు పెట్టుకునే తిరుగుతాడు.

అక్క: ఒక్కోదాన్నీ తూకం వేద్దాం. అరుపులు దేనికి ఆనవాలు? స్ప్రెన్‌తో బంధం ఉన్నవాళ్ళకి చచ్చిన కత్తి అరుపు వినిపిస్తుంది. విండ్‌రన్నర్ కలాడిన్‌కీ వినిపిస్తుంది. కాబట్టి రేడియంట్ అని చెబుతుంది, ఏ ఆర్డరో చెప్పదు. కళ్ళు బాగుపడటం రేడియంట్లు పీల్చుకునే స్టార్మ్‌లైట్ అనే వెలుగు పని. అదీ అందరికీ ఉన్నదే. ఇక మిగిలింది గోడమీది రాత, అంటే భవిష్యత్తు చూడటం. పది సర్జ్‌లలో భవిష్యత్తు చూసేది ఏది?

తమ్ముడు: ఏదీ లేదు.

అక్క: అక్కడే రెండు శిబిరాలు ఏర్పడ్డాయి. ఒకళ్ళు పదకొండో ఆర్డర్ ఉంది, జోస్యం చెప్పేవాళ్ళది అన్నారు. ఇంకొకళ్ళు ట్రూత్‌వాచర్లందరికీ భవిష్యత్తు కనిపిస్తుందన్నారు. రెండో పుస్తకం చివర రెనారిన్ నోటితో ట్రూత్‌వాచర్‌ని అని చెప్పాక రెండో శిబిరం సంబరపడింది. కానీ చక్రం ప్రకారం ట్రూత్‌వాచర్‌కి ప్రొగ్రెషన్ (నయం చేయడం, పెంచడం), ఇల్యూమినేషన్ (వెలుగుతో భ్రమలు) మాత్రమే. జోస్యం ఇంకా బయటే ఉంది.

తమ్ముడు: ఓత్‌బ్రింగర్‌లో తేలింది. అతని స్ప్రెన్ గ్లిస్‌ని సజా-అనాట్ అనే అన్‌మేడ్, అంటే శత్రువు వైపు మహా స్ప్రెన్, మార్చేసింది. ఆర్డర్ కొత్తది కాదు, చక్రమూ తప్పు కాదు. స్ప్రెన్‌లో తేడా.

అక్క: రెండు శిబిరాలూ ఆర్డర్లు, సర్జ్‌లు, స్ప్రెన్ రాసుకునే పట్టికనే సాగదీశాయి. ఒకళ్ళు కొత్త వరస కలిపారు, ఒకళ్ళు ఉన్న వరసలో కొత్త శక్తి కుక్కారు. స్ప్రెన్ గడిలో మాత్రం ఎవరూ వేలు పెట్టలేదు. పట్టికకి సరిపడనిది ఏదైనా ఎదురైతే ముందు స్ప్రెన్‌ని అనుమానించండి.

తమ్ముడు: శత్రువుల వైపు కూడా పది చీకటి ఆర్డర్లు అద్దంలో బొమ్మలా ఉంటాయన్న థియరీ ఉండేది కదా?

అక్క: సగం నెగ్గింది. ఫ్యూజ్డ్‌లలో, అంటే చచ్చినా మళ్ళీ పుట్టే శత్రు యోధుల్లో, తెగలున్నాయి. కానీ తొమ్మిది. ఒక్కో తెగకి రెండు కాదు, ఒక్కటే సర్జ్. అడ్హీషన్ ఆనర్ అనే దేవుడికి మాత్రమే చెందింది కాబట్టి అటువైపు దక్కలేదు. అద్దంలో బొమ్మ అనుకుని పది రాసినవాళ్ళు అంకె దగ్గర బోల్తా పడ్డారు.

తమ్ముడు: పుస్తకం బయటి ఆధారాల గురించి కూడా ఒక మాట. రచయితని అడిగితే రాఫో అంటారు, అంటే చదివి తెలుసుకో. సంతకాల కార్యక్రమాల్లో దానికి కార్డులు కూడా పంచారు. కొందరు దాన్ని అవునని లెక్కేస్తారు. రాఫో అవునూ కాదు, కాదూ కాదు. ఇంకోటి, ఏ ముద్రణ నుంచి తీశారో రాయాలి. వర్డ్స్ ఆఫ్ రేడియన్స్ మొదటి ముద్రణకీ పేపర్‌బ్యాక్‌కీ కలాడిన్, సెత్‌ల పోరు ముగిసే తీరులో తేడా ఉంది. ఇద్దరు చెరో పుస్తకం పట్టుకుని ఒకే వాక్యం కోసం కొట్టుకోవడం అనవసరం.

అక్క: అధ్యాయాల పైన ఉండే ఉల్లేఖనాలూ అంతే. ట్రూత్‌వాచర్లు తాము చేసేది ఎవరికీ చెప్పేవాళ్ళు కాదని అక్కడ ఒక వాక్యం ఉంది. రహస్య ఆర్డర్ అనేవాళ్ళందరూ దాన్నే పట్టుకుంటారు. కానీ ఆ వాక్యం రాసినవాడు బయటివాడు. వాళ్ళు చెప్పలేదంటే అతనికి తెలియలేదని అర్థం, దాక్కున్నారని కాదు.

తమ్ముడు: ఒక చిన్న కేసుతో చీటీ నింపి చూపిద్దాం. ఇమ్. వర్డ్స్ ఆఫ్ రేడియన్స్ ఇంటర్లూడ్ అనే మధ్య అధ్యాయంలో వచ్చే చెప్పులు కుట్టే ముసలాయన.

అక్క: చీటీ మీద ఆరు గడులు గియ్యి. ఏం చేశాడు, ఎవరు చూశారు, సర్జ్, స్ప్రెన్ ఆకారం, చెప్పిన మాట, దొరకనిది.

తమ్ముడు: చేసింది, ఒక కుర్రాడి పాదం నయం చేశాడు. చూసింది ఆ కుర్రాడే. సర్జ్ ప్రొగ్రెషన్. కాబట్టి ఎడ్జ్‌డాన్సర్ లేదా ట్రూత్‌వాచర్.

అక్క: స్ప్రెన్?

తమ్ముడు: కదిలే వెలుగు మరకలా ఉంటుంది. ఎడ్జ్‌డాన్సర్ అయిన లిఫ్ట్ స్ప్రెన్ విండిల్ తీగలా పాకుతుంది. ఇది తీగ కాదు. కాబట్టి ట్రూత్‌వాచర్ వైపు మొగ్గుతుంది.

అక్క: రెండో సర్జ్?

తమ్ముడు: వాడలేదు. నేల్ వచ్చి ఎప్పటిదో పాత నేరం చూపించి చంపేశాడు.

అక్క: సరే, దొరకనిది గడిలో రాయి. ఇల్యూమినేషన్ కనిపించలేదు, ఆర్డర్ తేల్చే రెండో ప్రమాణం వినలేదు. పక్కన పెన్సిల్‌తో ట్రూత్‌వాచర్ అని పెట్టు. పెన్నుతో వద్దు.